వంటకొక మార్కు, వడ్డనకొక మార్కు

(లండన్‌లో ఒక పబ్ మేడ మీది గదిలో, తెలుగువాళ్ళం కొందరం కలిసినప్పుడు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

వెనకవాళ్ళకు వినపడుతోందా? కింద మ్యాచ్ నడుస్తోంది. మధ్యలో అరుపులు వస్తే నన్ను కాదులెండి, రిఫరీని.

మీ ముందు రెండేసి హాఫ్ గ్లాసులు, ఒక చిట్టీ, ఒక పెన్సిలు ఉన్నాయి. ఎడమ పక్కది లండన్ ప్రైడ్, కుడి పక్కది ఈఎస్‌బీ, అంటే ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్. రెండూ బిట్టర్ అనే ఇంగ్లీషు రకం బీర్లు, వీటికి మార్కులు ఎట్లా వెయ్యాలో చూడడమే ఈరోజు పని. ఇప్పుడే తాగకండి. తాగేసినవాళ్ళు సరే, చేసేదేముంది. బండి తోలాల్సినవాళ్ళు మాత్రం వాసన చూసి పక్కవాళ్ళకు ఇచ్చేయండి, సగం పని ముక్కుతోనే అయిపోతుంది, నష్టమేమీ లేదు.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఆఫీసువాళ్ళు ఒక శుక్రవారం పబ్‌కు తీసుకెళ్ళారు. ఏ పబ్బో, ఏ ఊరో చెప్పను. మధ్యాహ్నం మూడు గంటలు, లోపల మేమూ ఒక కుక్కా తప్ప ఎవరూ లేరు. "ఇక్కడికొచ్చాక బిట్టర్ తాగాలి నువ్వు" అని ఒక పింట్, అంటే అర లీటరుకు పైన పట్టే గ్లాసు, చేతిలో పెట్టారు. ఒక గుక్క వేశాను, పుల్లగా ఉంది. పులుపంటే నిమ్మకాయ పులుపు కాదు, మూడో రోజు మజ్జిగలో కొంచెం వెనిగర్ కలిపితే ఎట్లుంటుందో అట్లా. కొత్త ఉద్యోగం, మర్యాద, అన్నీ కలిసి మొత్తం తాగేశాను. బాగుందా అంటే చాలా బాగుందన్నాను. ఇంటికొచ్చి ఫోన్‌లో మావాళ్ళకు చెప్పాను, ఇంగ్లీషోళ్ళ బీరు చల్లపులుసు లాగుంటుందప్పా, వాళ్ళ ఖర్మ అని. (నవ్వులు) ఆ తర్వాత రెండేళ్ళు బిట్టర్ జోలికి పోలేదు. రెండేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో, కిటకిటలాడే పబ్‌లో, అదే పేరు, అదే బొమ్మ ఉన్న పంపు నుంచి ఒక హాఫ్ తాగితే అది ఇంకో లోకం. ఒకటే కంపెనీ, ఒకటే బీరు. అప్పుడు తెలిసింది నేను ఇన్నాళ్ళూ తిట్టింది ఎవర్నో, తప్పు ఎవరిదో.

కల్లు తెలిసినవాళ్ళు ఎంతమంది ఇక్కడ? చేతులెత్తడానికి మొహమాటమెందుకు, అత్తగారు ఇండియాలో ఉన్నారు. ఆ, చాలామందే ఉన్నారు. పొద్దున చెట్టు దిగిన ఈత కల్లు తియ్యగా ఉంటుంది, ఎండ పొడిచేకొద్దీ పొంగుతుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది. ఎందుకంటే అది ప్రాణమున్న సరుకు, లొట్టిలోనే పులుస్తూ ఉంటుంది. మధ్యాహ్నం పులిసిన కల్లు తాగి ఈత చెట్టును తిట్టేవాడు మన ఊళ్ళల్లో ఉంటాడా? ఉండడు. ఎప్పుడు దించావు, ఎక్కడ పెట్టావు అని గీసినవాణ్ణి అడుగుతాడు. బిట్టర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనం చెట్టునే తిడుతున్నాం. ఫోన్ తీసి, బీరు పేరు కొట్టి, రెండు చుక్కలు, అదే రెండు స్టార్లు, ఇచ్చేస్తున్నాం. అందుకే మీ చిట్టీ మీద రెండు గళ్ళు గీశాను. ఒకటి వంటకు, ఒకటి వడ్డనకు. ఈ రెండూ కలిపి ఒక్క అంకె వేస్తే ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

వడ్డన ముందు చూద్దాం, చెడేది ఎక్కువగా అక్కడే కాబట్టి.

ఇది పీపా బీరు. కాస్క్ అంటారు. బ్రూవరీ నుంచి వచ్చేటప్పటికి ఇందులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పీపాలో రెండోసారి పులుస్తుంది, ఆ గ్యాస్ తప్ప బయటి గ్యాస్ ఎక్కించరు. పబ్ కింద సెల్లార్‌లో పీపాను పడుకోబెట్టి, పైన చిన్న చెక్క మేకు కొట్టి, ఎక్కువైన గ్యాస్ వదిలేసి, మడ్డి అడుక్కు దిగేదాకా ఆగి, అప్పుడు కుళాయి బిగిస్తారు. సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. ఇదంతా తెలిసినవాడు చెయ్యాల్సిన పని, బటన్ నొక్కితే అయ్యేది కాదు. సాధారణంగా పబ్‌లో వాడే చిన్న పీపా పేరు ఫర్కిన్, 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు. ఒకసారి తెరిచాక బీరు తగ్గేకొద్దీ లోపలికి గాలి వెళ్తుంది, గాలి తగిలితే మన కల్లు కథే. మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. 72ను మూడుతో భాగించండి, రోజుకు 24 పింట్లు ఒక్కో పంపు నుంచి పోవాలన్నమాట. ఏడు పంపులు వరసగా పెట్టుకుని లోపల ఈగలు తోలుకుంటున్న పబ్‌కు వెళ్ళారనుకోండి, రోజుకు 168 పింట్లు తాగేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు? నేనైతే అట్లాంటి చోట పీపా బీరు అడగను, ఇంకేదైనా తాగి వస్తాను. రెండే పంపులుండి జనం ఉన్న చోటు నాకిష్టం.

ఇక్కడ వెచ్చటి బీరు పోస్తారని మనవాళ్ళు నవ్వుతారు కదా, పట్టుకుని చూడండి గ్లాసు. వెచ్చగా ఉందా? ఎండాకాలం కుండ నీళ్ళకంటే ఒక మెట్టు చల్లగానే ఉంది. ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా లేదు, ఉండకూడదు కూడా. ఐస్‌క్రీమ్ కరిగాక తాగితే ఎంత తీపిగా ఉంటుందో గుర్తుందా, గట్టిగా ఉన్నప్పుడు అంత తీపి తెలియదు, చలి నాలుకను మొద్దుబారుస్తుంది. లాగర్‌ను, అంటే మనకు అలవాటైన చల్లటి మామూలు బీరును, గొంతులో దించుకోవాలి కాబట్టి చల్లగా ఇస్తారు, దీన్ని నాలుక మీద ఆడించాలి కాబట్టి ఇట్లా ఇస్తారు. చేతికి గోరువెచ్చగా తగిలితే మాత్రం వడ్డన మార్కు కోసేయండి, సెల్లార్ కూలింగ్ పనిచెయ్యట్లేదు.

గ్యాస్ సంగతి. లాగర్‌లో ఉన్నదాంట్లో సగం కూడా ఇందులో ఉండదు. నాలుక మీద చిన్నగా చురుక్కుమనాలి, అంతే. ఏమీ అనకపోతే, రాత్రి మూత తీసి మర్చిపోయిన సోడా లాగుంటే, అది ప్రాణం పోయిన బీరు. నురగ విషయంలో ఈ దేశంలోనే రెండు పార్టీలు. ఉత్తరాన, యార్క్‌షైర్ వైపు, పంపు మూతికి స్పార్క్లర్ అని చిల్లుల ముక్కొకటి బిగిస్తారు, మీగడ లాంటి నురగ కడుతుంది, చేదు కొంచెం మెత్తబడుతుంది. లండన్‌లో చాలా చోట్ల అది ఉండదు, నురగ పలచన. అక్కడి కీత్లీలో తయారయ్యే తిమొతీ టేలర్ లాండ్‌లార్డ్ అనే బీరును లండన్‌లో స్పార్క్లర్ లేకుండా తాగిన యార్క్‌షైర్ మనిషి ముఖం చూడాలి మీరు, మనవాళ్ళు హోటల్లో గట్టిపడిన ఇడ్లీ చూసినట్టు చూస్తాడు. నురగ తక్కువైందని లండన్ పింట్‌కు మార్కు తగ్గించకండి, అది ఇక్కడి పద్ధతి.

ఈ వడ్డనకు మార్కులు వేసే లెక్క ఒకటి ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. 1971లో సెలవులకని ఐర్లండ్‌లోని కెర్రీ వెళ్ళిన నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్ళు, అసలైన బీరు పోయి అంతా గ్యాస్ కొట్టిన కెగ్ బీరు అయిపోతోందని కోపమొచ్చి క్యామ్రా అనే ఉద్యమం పెట్టారు. ఫోటోలు తీసే కెమెరా కాదు. (నవ్వులు) వాళ్ళ సభ్యులు పబ్‌లో ప్రతి పింట్‌కూ సున్నా నుంచి ఐదు దాకా వేస్తారు. సున్నా అంటే అసలు పీపా బీరే లేదని. ఒకటి, తాగడమే కష్టం. రెండు, ఏదో ఫర్వాలేదు, ఇంకోటి అడగబుద్ధి కాదు. మూడు బాగుంది, నాలుగు చాలా బాగుంది, ఐదు అంటే జీవితంలో కొన్నిసార్లే దొరికేది. అరమార్కులు కూడా వెయ్యొచ్చు. ఈ లెక్క బీరుకు కాదు, ఆ రోజు, ఆ పబ్‌లో, ఆ గ్లాసుకు. మీ చిట్టీలో వడ్డన గడి అదే. నేను పన్నెండేళ్ళుగా వేస్తున్నాను, ఐదు ఎన్నిసార్లు వేశానంటే ఒక చేతి వేళ్ళు చాలు.

ఇప్పుడు వంట. అన్నా, మీరు ఆగండి, ఒక్క నిమిషం.

గ్లాసు మీద అరచెయ్యి మూసి, చిన్నగా తిప్పి, చెయ్యి తీసి వాసన చూడండి. ఎడమది ముందు. ఏమొచ్చింది? ... "బిస్కెట్టు." ఇంకా? ... "బెల్లం పాకం." అవి రెండూ బార్లీ నుంచి వచ్చినవే. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలికి ఆరబెడితే మాల్ట్. మనం రాగి పిండి కలిపినదాన్నంతా రాగి మాల్ట్ అనేస్తాం గానీ నిజానికి మొలక కట్టినదే మాల్ట్. అందులో కొంత భాగాన్ని తడిగా ఉండగానే వేయిస్తే లోపలి చక్కెర పాకం కట్టి క్రిస్టల్ మాల్ట్ అవుతుంది, మీకొచ్చిన బెల్లం వాసనా, ఈ రాగి చెంబు రంగూ దానివల్లే. ఇప్పుడు కుడి గ్లాసు. ... అక్కా, మీరు సరిగ్గా చెప్పారు, నారింజ తొక్క. నారింజ తొక్కతో చేసే జామ్ పేరుతో మార్మలేడ్ వాసన అంటారు ఇక్కడ. అది హాప్స్‌తో, అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులతో పాటు వీళ్ళ ఈస్ట్ గుణం కూడా, ఈ కంపెనీ బీర్లన్నిట్లో ఆ వాసన ఇంటిపేరులా ఉంటుంది.

ఇంటిపేరంటే గుర్తొచ్చింది, ఈ రెండూ నిజంగా ఒకే ఇంటి పిల్లలు. పడమటి లండన్ చిజిక్‌లో గ్రిఫిన్ బ్రూవరీ అని ఉంది, ఫుల్లర్స్‌వాళ్ళది. ఫుల్లర్, స్మిత్, టర్నర్ అని ముగ్గురు 1845లో భాగస్వాములయ్యారు. 2019లో బీరు వ్యాపారం జపాన్ కంపెనీ అసాహీ చేతికి పోయింది, పబ్బులు మాత్రం ఫుల్లర్స్ దగ్గరే ఉన్నాయి. అక్కడ పార్టీగైల్ అని ఒక పాత పద్ధతి. ఫిల్టర్ కాఫీ తెలిసినవాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తాను: మొదటి డికాక్షన్, రెండో డికాక్షన్. ఒకే మాల్ట్ మీద మొదట దిగిన చిక్కటి రసం ఒక పక్క, మళ్ళీ వేడినీళ్ళు పోస్తే దిగిన పలచటిది ఒక పక్క. రెండింటినీ విడివిడిగా హాప్స్ వేసి మరిగించి, పులియబెట్టేముందు పాళ్ళు మార్చి కలుపుతారు. పలచటిది ఎక్కువ పడితే ప్రైడ్, పీపాలో 4.1 శాతం ఆల్కహాల్. చిక్కటిది ఎక్కువ పడితే ఈఎస్‌బీ, 5.5 శాతం. ఒకే పొయ్యి, ఒకే పొడి, లోటాలు వేరు.

ఇక తాగండి. ఉమ్మెయ్యడం లేదు, వైన్ వాళ్ళు చేసుకుంటారు అవన్నీ. బీరు మింగితేనే వెనకనుంచి ముక్కులోకి వాసన ఎక్కుతుంది, చేదు సంగతీ మింగాకే తేలుతుంది.

ఇక్కడే మన తెలుగు నాలుకకు ఒక సౌకర్యం ఉందని నా నమ్మకం. ఇక్కడివాళ్ళు చాలామంది, బీరు తాగడం బాగా వచ్చినవాళ్ళు కూడా, నోట్లో ఇబ్బందిగా తగిలిన ప్రతిదాన్నీ "బిట్టర్" అనేస్తారు. మనకు చిన్నప్పటినుంచే చేదు వేరు, వగరు వేరు. ఆరు రుచుల్లో రెంటికీ విడివిడి కుర్చీలు వేశాం. కాకరకాయ చేదు, వేపపువ్వు చేదు. పచ్చి అరటికాయ వగరు, నేరేడుపండు వగరు. చేదు తగిలితే ఒక్క క్షణం ముఖం చిట్లినా వెంటనే నోట్లో నీళ్ళూరతాయి, వగరు తగిలితే నోరు ఎండిపోయి నాలుక బరకబారుతుంది. బిట్టర్‌కు ఈ తేడా ప్రాణం. మంచి హాప్స్ చేదు మాల్ట్ తీపిని తుడిచేసి, నోరు శుభ్రం చేసి, ఇంకో గుక్క అడుగుతుంది. వగరు మాత్రం అడగదు, ఆపుతుంది. అది ఎక్కువైందంటే చాలాసార్లు బార్లీ పొట్టును మరీ వేడినీళ్ళతో మరీ ఎక్కువసేపు కడిగి ఆఖరి చుక్కదాకా పిండుకున్నారని అర్థం. టీ ఆకు రెండోసారి మరిగిస్తే ఏమవుతుందో అదే. కాబట్టి వంట గడిలో చేదు అని రాసే ముందు ఒక్కసారి నాలుకను అంగిలికి రాసి చూసుకోండి. జారుతోందా, పట్టేస్తోందా?

చేదు ఎంత ఉండాలనే దానికి కూడా కొలత ఉంది, ఐబీయూ అంటారు. పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ పుస్తకంలో బిట్టర్‌ను మూడు మెట్లు చేశారు. ఆల్కహాల్ 3.2 నుంచి 3.8 శాతం దాకా ఆర్డినరీ, అక్కణ్ణుంచి 4.6 దాకా బెస్ట్, ఆపైన 6.2 దాకా స్ట్రాంగ్. బెస్ట్ బిట్టర్‌కు చేదు 25 నుంచి 40 మధ్య. హాప్స్ దట్టించిన ఇప్పటి ఐపీఏ బీర్ల పక్కన పెడితే ఇది చేదే కాదు. మరి బిట్టర్ అని పేరెందుకు పెట్టారంటే, పెట్టింది కంపెనీలు కాదు, తాగేవాళ్ళు. కంపెనీలు దీన్ని పేల్ ఏల్ అనే పేరుతోనే అమ్మేవి, పబ్‌లో పక్కనే మైల్డ్ అని చేదు తక్కువది ఉండేది, దానికి ఇది వేరని చెప్పడానికి జనం బిట్టర్ అన్నారు. మన దగ్గర మామూలు దోసె, కారం దోసె అన్నట్టు.

నీళ్ళ మాట కూడా చెప్పి తీరాలి, నాది అనంతపురం కాబట్టి. (నవ్వులు) బర్టన్ అపాన్ ట్రెంట్ అని ఊరు, పేల్ ఏల్‌కు పుట్టిల్లు లాంటిది. అక్కడి బావుల నీళ్ళల్లో జిప్సం ఎక్కువ. జిప్సం వల్ల హాప్స్ చేదు పొడిగా, పదునుగా వస్తుంది. వేరే ఊళ్ళ బ్రూవరీలు కూడా తమ నీళ్ళల్లో జిప్సం కలుపుకుంటాయి, ఆ పనికి బర్టనైజేషన్ అని పేరే పడిపోయింది. మా నాయన వేరుశనగకు పూత మీద జిప్సం మూటలు చల్లేవాడు, నేను వెనకాల గంప పట్టుకుని తిరిగేవాణ్ణి. అదే జిప్సం ఇక్కడ బీరులో వేస్తారని చెప్తే ఆయన నమ్మలేదు, "కాయ గట్టిపడ్డానికి గదరా అది" అన్నాడు. బర్టన్ బీరు గ్లాసులో ఒక్కోసారి అగ్గిపుల్ల గీసిన వాసన, ఉడికిన గుడ్డు వాసన వస్తుంది. తెలియనివాళ్ళు పాడైందనుకుని వెనక్కి ఇస్తారు. అక్కడది తప్పు కాదు, ఊరి వాసన. అదే వాసన మీ ఎడమ గ్లాసులో వస్తే నాకు చెప్పండి, కిందికెళ్ళి అడిగొస్తాను.

నిజమైన తప్పులు ఏవంటే, వెనిగర్ వాసన, అది గాలి తగిలినందుకు, నా మొదటి పింట్ జబ్బు. తడిసిన అట్టపెట్టె వాసన, అది పాతబడ్డందుకు. వెన్న వాసన ఒకటుంది, డయాసిటైల్ అంటారు, దీనితో మనవాళ్ళకు చిక్కు. సినిమాహాల్లో పాప్‌కార్న్ వాసన, నెయ్యి వాసన. నలభైమందికి రుచి చూపిస్తే ముప్పైమంది తెలుగువాళ్ళు "అబ్బ, కమ్మగా ఉంది" అంటారు. చాలా కొద్దిగా ఉంటే ఇక్కడా ఓర్చుకుంటారు. ఎక్కువుంటే ఈస్ట్‌కు పని పూర్తిచేసే టైమ్ ఇవ్వలేదని లెక్క, వంట మార్కు పోతుంది. కమ్మగా ఉంది కదా అని జాలి పడకండి.

ఏంటన్నా? ... ప్రశ్న ఏంటంటే, ఇందులో చేప కలుపుతారట నిజమేనా అని. నిజమే. ఐసిన్‌గ్లాస్ అని, చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం. పీపాలో మడ్డిని లాక్కుని అడుక్కు దింపడానికి వేస్తారు. గ్లాసులోకి రాకూడదు, అడుగునే ఉండిపోవాలి, కానీ పట్టింపు ఉన్నవాళ్ళకు ఆ మాట చాలదు, నాకు తెలుసు. అన్‌ఫైన్డ్ అని రాసిన బీరు అడగండి, అది వెయ్యనిది. కొంచెం మసకగా ఉంటుంది, మసకకు మార్కు తగ్గించకండి. ఐసిన్‌గ్లాస్ వేసిన బీరే మసకగా వచ్చిందంటే అది వేరే కథ, వాసన చూసి, తేడాగా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. గొడవ పడక్కర్లేదు. "ఇది సరిగ్గా లేనట్టుంది, ఒకసారి చూస్తారా" అంటే చాలు, మంచి పబ్‌లో మారుస్తారు. కొనేముందు రెండు గుక్కలు రుచి చూపించమని అడిగినా ఇస్తారు. నేను ఆ మాట నోరు తెరిచి అడగడానికి నాలుగేళ్ళు పట్టింది.

బీజేసీపీ లెక్కలో మొత్తం 50. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో ఎట్లా ఉందనేదానికి 5, మొత్తం మీద ఎట్లుందో చెప్పడానికి 10. చూపుకు మూడే ఇవ్వడం నాకు నచ్చుతుంది. కానీ ఆ లెక్కతో నాకొక పేచీ ఉంది. పోటీలో జడ్జి ముందు వరసగా చిన్న చిన్న గ్లాసులు పెడతారు, రెండు మూడు గుక్కల్లో తేల్చాలి. ఫోన్లలో చుక్కలు ఇచ్చేవాళ్ళూ అంతే, అందుకే అక్కడ పై వరసలో ఎప్పుడూ ఇంపీరియల్ స్టౌట్లూ డబుల్ ఐపీఏలూ కూర్చుంటాయి. మొదటి గుక్కలోనే చెంప పగలగొట్టేవి. బిట్టర్ మొదటి గుక్కకు ఏమీ అనదు. "ఓస్ ఇంతేనా" అనిపిస్తుంది. ప్రైడ్‌కు నేను మొదటి గుక్కకు ఆరున్నర వేస్తాను పదికి. గ్లాసు సగానికి వచ్చేసరికి బిస్కెట్టు విడిగా తెలుస్తుంది. అడుక్కొచ్చేసరికి, కొంచెం వెచ్చబడేసరికి, నారింజ తొక్క వస్తుంది, చేదు గొంతులో నిలబడుతుంది, ఎనిమిది అవుతుంది. స్టౌట్‌కు మొదటి గుక్కకు తొమ్మిది వేసినవాణ్ణి ఇంకో పింట్ తాగమనండి చూద్దాం. రెండు గంటలు కూర్చుని కబుర్లాడుతూ తాగడానికి చేసిన బీరును ఒక చెంచాడు తాగి తూకం వెయ్యడం, భోజనంలో అన్నం ఒక్కటే ఒక ముద్ద తిని "రుచి లేదు" అనడం లాంటిది.

ఈఎస్‌బీ ఇందులో కొంచెం మినహాయింపు. 1978, 81, 85ల్లో మూడుసార్లు క్యామ్రావాళ్ళు దేశం మొత్తానికి మొదటి బహుమతి ఇచ్చారు. మొదటి గుక్కకే తెలుస్తుంది దాని గొప్ప. కానీ ప్రైడ్ పింట్‌లో ఆల్కహాల్ ఇక్కడి లెక్కలో 2.3 యూనిట్లుంటే దాంట్లో 3.1. రెండో పింట్ దగ్గర నేను లేస్తాను. నా ఓటు ప్రైడ్‌కే, మీరు తిట్టినా సరే.

సీసాది ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని అడుగుతున్నారు. తీసుకెళ్ళండి, కానీ అది ఇదే బీరు కాదు. సీసా ప్రైడ్ 4.7, ఈఎస్‌బీ 5.9, గ్యాస్ కూడా ఎక్కువ. వడ్డన గడి మీకే వర్తిస్తుంది ఇంట్లో, ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టి తాగండి. ఎండలో మాత్రం పెట్టకండి, వెలుతురు తగిలితే హాప్స్ కంపు కొడతాయి. గోధుమరంగు సీసా అందుకే.

సరే, చిట్టీలు ఇక్కడ పెట్టండి. పేరు రాయక్కర్లేదు. రెండు గళ్ళూ నింపారా చూసుకోండి. అక్కా, మీ గ్లాసులో ఇంకా సగం ఉంది, చిట్టీ అప్పుడే మడిచేశారేంటి?